కోడి కణంలో కాపురముండే వైరస్

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "బ్యాచ్‌కి ఒకరు తాము చేసిన పని గురించి మాట్లాడాలి, అరగంట దాటకూడదు, అందరికీ అర్థం కావాలి" అన్నారు. మొదటి రెండు షరతులకు ఇబ్బంది లేదు. నేను పశువైద్యం చదివి, ముప్పై ఏళ్ళకు పైగా కోళ్ళ వైరస్‌ల లాబొరేటరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మీలో ఇంజనీర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, అమెరికా నుంచి వచ్చినవాళ్ళున్నారు, ఊళ్ళోనే ఉండి కోళ్ళు పెంచేవాళ్ళూ ఉన్నారు. ఆ చివరివాళ్ళకు నా మాటలు నేరుగా పనికొస్తాయి. మిగతావాళ్ళు భోజనాల దాకా ఓపిక పట్టాలి.

చెప్పదలచుకున్నది ఒకే సంగతి. "ఈ కోడికి ఫలానా వైరస్ పట్టదు" అంటే ఆ కోడిలో వైరస్ లేదని మనం అనుకుంటాం. రిట్రోవైరస్‌ల విషయంలో ఆ లెక్క చెల్లదు. కొన్నిసార్లు లోపల ఒకటి కాపురం పెట్టింది కాబట్టే బయటిది పట్టదు.

పేటన్ రౌస్‌తో మొదలుపెడతాను. 1909లో ఒక రైతు, ఛాతీలో కంతి లేచిన ప్లిమత్ రాక్ పెట్టను న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థకు తెచ్చాడు. రౌస్ ఆ కంతి ముక్కల్ని వేరే కోళ్ళకు అంటించి చూశాడు. మొదట్లో అది ఆ మందలో దగ్గరి చుట్టాలైన కోళ్ళలోనే పెరిగింది, పరాయి కోళ్ళలో పెరగలేదు. 1911లో ఆయన కంతిని నూరి, కణాలు గానీ బ్యాక్టీరియా గానీ దాటలేని ఫిల్టరులో వడకట్టి, ఆ ద్రవం ఎక్కించినా కంతి లేస్తుందని చూపించాడు. అంతకు మూడేళ్ళ ముందే డెన్మార్క్‌లో ఎల్లర్మన్, బాంగ్ అనే ఇద్దరు కోళ్ళ ల్యుకేమియాను ఇలాగే వడకట్టిన ద్రవంతో అంటించారు. కానీ ల్యుకేమియాను అప్పట్లో క్యాన్సర్ లెక్కలో వేసేవారు కాదు. రౌస్ మాటనూ చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆయనకు నోబెల్ బహుమతి 1966లో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 87.

కొన్ని కోళ్ళకు అంటుకుని, కొన్నిటికి ఎందుకు అంటుకోలేదు? ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే ముందు వైరస్‌ను లెక్కపెట్టడం రావాలి. ఆ పద్ధతిని 1958లో కాలిఫోర్నియాలో హోవర్డ్ టెమిన్, హ్యారీ రూబిన్ తయారుచేశారు. నేను జీవితమంతా చేసిన పని అదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. పది రోజులు పొదిగిన గుడ్డులోంచి పిండాన్ని తీసి, సన్నగా తరిగి, ట్రిప్సిన్ అనే ఎంజైముతో కలిపితే కణాలు విడివిడిగా వస్తాయి. వాటిని పోషక ద్రవంలో, వెచ్చగా ఉంచితే పళ్ళెం అడుగున చాప పరిచినట్టు పరుచుకుంటాయి. వాటి మీద రౌస్ వైరస్ చల్లి, పైన అగార్ పొర పోసి ఓ వారం ఆగితే, ఆ చాప మీద అక్కడక్కడా గుండ్రటి కణాల గుంపులు లేస్తాయి. ఒక్కో గుంపు ఒక్కో వైరస్ రేణువు చేసిన పని. గుంపులు లెక్కపెడితే వైరస్‌ను లెక్కపెట్టినట్టే. మా ఇంట్లో నా ఉద్యోగాన్ని "చుక్కలు లెక్కపెట్టే పని" అనేవారు. ముగ్గులాంటిదేదో అనుకుని ఉంటారు.

ఇలా లెక్కపెడుతుంటే రూబిన్‌కు ఒక వింత కనిపించింది. ఒకే ఫారం నుంచి వచ్చిన గుడ్లే అయినా, కొన్ని పిండాల కణాల మీద వైరస్ ఎంత చల్లినా గుంపులు లేవవు. ఆ కణాలు చూడ్డానికి నిక్షేపంలా ఉన్నాయి. 1960లో ఆయన కారణం బయటపెట్టాడు. ఆ పిండాల్లో అప్పటికే ఇంకో వైరస్ ఉంది. తల్లి నుంచి గుడ్డు ద్వారా వచ్చింది. అది కణం ఆకారం మార్చదు, చంపదు. అందుకే కంటికి కనిపించలేదు. అది కోళ్ళ ల్యుకోసిస్ వైరస్, రౌస్ వైరస్‌కు సొంత అన్నదమ్ముల్లాంటిది. ఇలాంటి పిండాల్లో తయారైన ఎల్లో ఫీవర్ టీకాల్లో కూడా ఈ వైరస్ దొరికింది. టీకా వేయించుకున్నవాళ్ళను తర్వాత పరిశీలిస్తే క్యాన్సర్ ఎక్కువైనట్టు కనిపించలేదు. అయినా టీకాలకు ఈ వైరస్ లేని మందల గుడ్లే వాడాలన్న నియమం వచ్చింది.

లోపలున్న వైరస్ బయటి వైరస్‌ను ఎలా ఆపుతుంది? దీనికి వైరస్ సంసారం ఎలా సాగుతుందో తెలియాలి.

ల్యుకోసిస్ వైరస్ చాలా చిన్నది. దాని రాత మొత్తం ఏడెనిమిది వేల అక్షరాల ఆర్.ఎన్.ఏ., అందులో ముఖ్యంగా మూడు జన్యువులు. గాగ్ లోపలి గూడు కడుతుంది. పోల్ పనిముట్లు, అంటే ఎంజైములు ఇస్తుంది. ఎన్వ్ పైన ముళ్ళలాంటి ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. ఆ ముల్లే తాళంచెవి. కోడి కణం పొర మీద దాని సొంత అవసరాలకు ఉన్న ప్రోటీన్లలో ఏదో ఒకటి ఈ తాళంచెవికి సరిపోతుంది. అదే తలుపు, మా భాషలో రిసెప్టర్. తలుపు తెరుచుకుని లోపలికి వెళ్ళాక వైరస్ తన ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా తిరగరాస్తుంది. ఆ డి.ఎన్.ఏ. కేంద్రకంలోకి వెళ్ళి కోడి క్రోమోజోమును కోసి, ఆ కోతలో కూర్చుంటుంది. ఇక అక్కణ్ణుంచి కదలదు. దాన్ని ప్రోవైరస్ అంటారు. కణం తన జన్యువుల్ని చదివినట్టే దాన్నీ చదువుతుంది. కణం రెండైతే అదీ రెండవుతుంది. కొత్త వైరస్‌లు కణాన్ని పగలగొట్టి రావు. కొమ్మకు మొగ్గ తొడిగినట్టు పొర నుంచి ఒక్కొక్కటే బయటికొస్తాయి, కణం మాత్రం బతికే ఉంటుంది.

ఆర్.ఎన్.ఏ. నుంచి డి.ఎన్.ఏ. అన్నమాట ఇప్పుడు ఇంటర్ పిల్లలు కూడా చెప్తారు. 1964లో టెమిన్ ఆ మాట అన్నప్పుడు చాలామంది నమ్మలేదు. డి.ఎన్.ఏ. నుంచి ఆర్.ఎన్.ఏ.కు వెళ్ళే దారి ఒక్కటే అందరికీ తెలిసిన దారి. ఆ దారిని అడ్డుకునే ఆక్టినోమైసిన్ అనే మందు వేస్తే ఆర్.ఎన్.ఏ. వైరస్ అయిన రౌస్ వైరస్ కూడా ఎందుకు ఆగిపోతోందన్నది ఆయన పట్టుకున్న కొస. 1970లో మాడిసన్‌లో టెమిన్, సతోషి మిజుతాని కలిసి, ఎం.ఐ.టి.లో డేవిడ్ బాల్టిమోర్ విడిగా, ఆ తిరగరాసే ఎంజైమును వైరస్ రేణువులోనే పట్టుకున్నారు. రెండు వ్యాసాలూ 'నేచర్' పత్రిక ఒకే సంచికలో వచ్చాయి. 1972లో హిల్, హిల్లోవా దంపతులు చేసిన ప్రయోగం నాకు ఇంకా ఇష్టం. రౌస్ వైరస్ వల్ల క్యాన్సరై, బయటికి ఒక్క వైరస్ కూడా వదలని ఎలుక కణాల నుంచి వట్టి డి.ఎన్.ఏ. తీసి కోడి కణాలకు ఇచ్చారు. ఆ కోడి కణాల్లోంచి రౌస్ వైరస్ పుట్టుకొచ్చింది. మౌనంగా ఉందంటే లేదని కాదన్నమాట.

ఇప్పుడు రూబిన్ వింతకు వద్దాం. లోపలున్న ల్యుకోసిస్ వైరస్ తన తాళంచెవుల్ని కణంలో తయారుచేస్తూనే ఉంటుంది. అవి లోపలి నుంచే తలుపు తాళాల్లో ఇరుక్కుపోతాయి. బయట రౌస్ వైరస్ అదే రకం తాళంచెవితో వస్తే పెట్టడానికి రంధ్రం ఖాళీ ఉండదు. ఇది కణం చూపించిన పరాక్రమం కాదు, ముందొచ్చినవాడు గడియ వేసుకున్నాడంతే.

గడియ పడేలోపు ఏం జరుగుతుందో 1980లో టెమిన్ లాబొరేటరీ చూపించింది. ఈ వైరస్‌లలో బి, డి ఉపజాతులు మొదటి రోజుల్లో చాలా కణాల్ని చంపుతాయి. చచ్చే కణాల్లో క్రోమోజోములో చేరని వైరస్ డి.ఎన్.ఏ. కుప్పలుగా పేరుకుని ఉంది. అంటే ఒకే కణంలోకి మళ్ళీ మళ్ళీ వైరస్‌లు జొరబడ్డాయి. తలుపు త్వరగా మూసుకున్న కణాలు బతికాయి. బతికినవన్నీ వైరస్‌ను మోస్తూ, వైరస్‌ను వదులుతూ, కొత్త వైరస్‌కు లొంగకుండా పళ్ళాల్లో పెరుగుతాయి.

పుట్టుకతోనే లొంగని కోళ్ళు వేరే ఉన్నాయి. పదో తరగతిలో మెండెల్ బఠాణీలు గుర్తున్నాయి కదా, అచ్చంగా అదే లెక్క. టీవీఏ, టీవీబీ, టీవీసీ అనే జన్యువులు మూడు రకాల తలుపుల్ని చేస్తాయి. వైరస్ పట్టే గుణం బహిర్గతం, పట్టని గుణం అంతర్గతం. తల్లి నుంచీ తండ్రి నుంచీ పాడైన ప్రతే వస్తే తలుపే ఉండదు, లేదా తాళంచెవి పట్టదు. ఒక కోళ్ళ వంశంలో టీవీఏలో ఒక్క అక్షరం మారి ఒక అమైనో ఆమ్లం తేడా వచ్చింది. ఇంకో వంశంలో నాలుగు అక్షరాలు అదనంగా దూరాయి. అంత చిన్న తేడాతో ఎ ఉపజాతి వైరస్ గుమ్మం బయటే ఆగిపోయింది.

ఇలాంటి కోడి కణం వైరస్‌ను లోపల చంపుతోందా, గుమ్మం దగ్గరే ఆపుతోందా అని తేల్చడానికి మావాళ్ళు వేసిన ఎత్తు ముచ్చటగా ఉంటుంది. ఒకే కణంలో రెండు ఉపజాతుల్ని పెంచితే, పుట్టే రేణువుల్లో కొన్ని ఒకదాని రాతను మోస్తూ ఇంకోదాని చొక్కా తొడుక్కుని వస్తాయి. ఎ ఉపజాతి రౌస్ వైరస్‌కు బి చొక్కా తొడిగి, ఎ-కి లొంగని కణం మీద వేశారు. చక్కగా లోపలికి వెళ్ళింది, డి.ఎన్.ఏ. అయింది, క్రోమోజోములో కూర్చుంది, పిల్లల్ని పెట్టింది. అంటే లోపల దాన్ని ఆపేవాడు లేడు, ఉన్నదల్లా తలుపు అడ్డమే. ఆ పిల్లలకు మాత్రం సొంత ఎ చొక్కాయే వచ్చింది కాబట్టి పక్కనున్న లొంగని కణంలోకి దూరలేకపోయాయి. ఒక ఇంట్లో సంసారం సాగుతోంది, వీధంతా సురక్షితం. కానీ ఆ ఇంటి సంతానం పెరిగినకొద్దీ లోపలి ప్రోవైరస్ కూడా పెరుగుతుంది.

తాళంచెవి అరిగి కొత్త తలుపుకు సరిపోవడమూ ఉంది. వైరస్‌ను లొంగే కోడి కణాలు, లొంగని కౌజుపిట్ట కణాలు కలిపిన పళ్ళెంలో పదే పదే పెంచితే, ఎన్వ్‌లో చిన్న మార్పుతో రెండింటికీ పట్టే రకం బయటపడింది. ఫారాల్లోనూ పెద్ద మార్పు ఒకటి వచ్చింది. 1980ల చివర్లో బ్రిటన్‌లో మాంసం కోళ్ళలో జె అనే కొత్త ఉపజాతిని గుర్తించారు. దాని ఎన్వ్ కోడి జన్యువుల్లోనే పడి ఉన్న పాత వైరస్ ముక్కల్ని పోలి ఉంది. 1990లలో అది బ్రాయిలర్ పేరెంట్ మందల ద్వారా దేశదేశాలకూ పాకింది. దాని తలుపు వేరే ప్రోటీన్, దానిలో 38వ అమైనో ఆమ్లం కీలకం. 2020లో ప్రాగ్‌లోని శాస్త్రవేత్తలు ఆ ఒక్క ఆమ్లాన్ని క్రిస్పర్‌తో తీసేసి, జె పట్టని కోళ్ళను తయారుచేశారు.

'పాత వైరస్ ముక్కలు' అన్నాను, ఆ సంగతి కూడా చెప్పాలి. ఏ రోగమూ లేని, ఎప్పుడూ ఏదీ సోకని కోళ్ళ కణాల్లోనూ ల్యుకోసిస్ వైరస్ జన్యువులున్నాయని 1960ల చివర్లో తేలింది. తల్లిదండ్రుల నుంచి ముక్కూ ముఖం వచ్చినట్టే అవీ వస్తాయి. ఇవి ఎప్పటివో తెలుసుకోవడానికి రాబిన్ వైస్ మలేసియా అడవులకు వెళ్ళి ఎర్ర అడవికోళ్ళను పట్టించాడు. వాటిలోనూ ఉన్నాయి. మన దక్షిణ భారతదేశపు బూడిదరంగు అడవికోడిలో మాత్రం లేవు. అంటే అడవికోడి జాతులు విడిపోయాక ఎర్ర అడవికోడి పూర్వీకుల అండంలోనో వీర్యకణంలోనో వైరస్ ఒకసారి చేరి, అక్కణ్ణుంచి మన పెరటి కోడి దాకా వచ్చింది. ఈ వంశపారంపర్య వైరస్‌లది ఇ ఉపజాతి. మామూలుగా ఇవి కోడికి హాని చేయవు. కొన్ని తమ ఎన్వ్‌ను మాత్రమే తయారుచేస్తూ బయటి ఇ వైరస్‌లకు గడియ వేస్తాయి.

హేచరీలో పనిచేసినవాళ్ళకు ఒక వాడుక తెలుసు. కొన్ని రకాల్లో రోజు పిల్ల రెక్క విప్పి, ఈకల పొడవు చూసి పెట్టా పుంజా చెప్పేస్తారు. అక్కడ ఈకలు ఆలస్యంగా వచ్చే గుణం పక్కనే ఈవీ21 అనే పాత వైరస్ ఒకటి కూర్చుని ఉంటుంది. అది ఉన్న తల్లి నుంచి వచ్చిన పిల్ల శరీరం ఆ వైరస్‌ను సొంతదిగా భావించి, దాని అన్నదమ్ములైన బయటి వైరస్‌లు వచ్చినా సరిగ్గా ఎదుర్కోదు. పెట్టను గుర్తుపట్టే సౌకర్యం ఒకవైపు, ల్యుకోసిస్ బెడద ఇంకోవైపు.

దీనికి తలకిందులుగా, 1989లో మిషిగన్‌లోని ఈస్ట్ లాన్సింగ్‌లో సాల్టర్, క్రిటెండెన్ కావాలనే ఎ ఉపజాతి ప్రోవైరస్ ఒకదాన్ని కోడి వంశంలోకి చేర్చారు. అది పూర్తి వైరస్‌ను పుట్టించలేదు, ఎన్వ్ మాత్రం చేస్తుంది. ఆ వంశం కోళ్ళకు ఎ ఉపజాతి పట్టలేదు. వైరస్ ముక్కే కోడికి కాపలా కాసింది.

ఇందులో మనుషుల సంగతేమిటని మీరు అడగబోతున్నారు. హెచ్.ఐ.వి. కూడా రిట్రోవైరసే, సంసారం తీరు అదే. సీసీఆర్5 అనే తలుపు లోపంతో పుట్టిన కొద్దిమందికి అది సాధారణంగా పట్టదని 1996లో తేలింది. మందులు తిరగరాసే ఎంజైమును, ఇంకొన్నిటిని ఆపుతాయి, అంటే కొత్త ఇళ్ళు పట్టకుండా చూస్తాయి. ఇప్పటికే క్రోమోజోములో కూర్చున్నదాన్ని అవి కదిలించలేవు. రక్తపరీక్షలో వైరస్ కనిపించలేదని మాత్రలు ఆపేస్తే కొద్ది వారాల్లోనే తిరిగి రావడానికి కారణం ఇదే. మన జిల్లాల్లో ఆ మాత్రలు వేసుకునే కుటుంబాలు తక్కువేమీ కాదు. మీకు తెలిసినవాళ్ళుంటే ఈ ఒక్క ముక్క చెప్పండి.

చివరిగా మన బ్యాచ్‌లోని ఒకడి సంగతి. వాడు ఇక్కడే మూడో వరసలో ఉన్నాడు, పేరు చెప్పనని మాటిచ్చాను. వాళ్ళ తాతగారి కాలం నుంచి వాళ్ళింట్లో ఒకే వంశం అసీల్ కోళ్ళు ఉన్నాయి. ఇప్పుడు పిల్లల్ని పొదిగించి అమ్ముతున్నాడు. పోయిన ఏడాది కొన్ని పెట్టలు కాలేయం వాచి చనిపోతే, ఎవరో చెప్పారని మిగిలిన పెట్టల గుడ్ల తెల్లసొన పరీక్షకు పంపాడు. పదకొండు పెట్టలకు పాజిటివ్ వచ్చింది. రాత్రి పదకొండింటికి నాకు ఫోను. "ఒరేయ్ డాక్టరూ, అన్నీ కోసి పాతిపెట్టాలంటున్నారు. తాత నుంచి వచ్చిన కోళ్ళురా. చెప్పు, కోసెయ్యనా?"

ఆ పరీక్ష చూసేది పి27 అనే ప్రోటీన్‌ను. అది గాగ్ జన్యువు నుంచి వస్తుంది. బయటి ల్యుకోసిస్ వైరసూ దాన్ని చేస్తుంది, వంశపారంపర్యంగా వచ్చిన అమాయకపు వైరసూ చేస్తుంది. ఆ పరీక్ష దొంగనూ ఇంటిమనిషినీ ఒకేలా చూపిస్తుంది. వేరుచేయడానికి లొంగని కణమే కావాలి. ఈస్ట్ లాన్సింగ్‌లో ఈ రకం పాత వైరస్‌లు అసలు లేని కోళ్ళ వంశం ఒకటి పెంచారు, పేరు లైన్ సున్నా. వాటి పిండాల నుంచి తీసిన డీఎఫ్-1 అనే కణాలకు ఇ ఉపజాతి పట్టదు, బయటి ఉపజాతులు పడతాయి. అనుమానమున్న పెట్ట రక్తాన్ని ఆ కణాల మీద వేసి, వారం పైగా పెంచి, అప్పుడు పి27 చూడాలి. అప్పుడు కనిపిస్తే అది బయటివాడి పని. పిండం కణాల లొంగనితనం రూబిన్‌కు చిక్కుముడి అయితే, మాకు జల్లెడ అయింది.

పదకొండింటిలో నాలుగు పెట్టల వైరస్ డీఎఫ్-1లో పెరిగింది. ఏడింటిది పెరగలేదు. ఆ నాలుగింటిని తీసెయ్యక తప్పదన్నాను. గుడ్డులోనే వైరస్ సోకి పుట్టిన పిల్ల దాన్ని శత్రువుగా గుర్తించదు. దానికి యాంటీబాడీలు రావు. జన్మంతా వైరస్‌ను వదులుతూ, అది పెట్టిన గుడ్ల ద్వారా తర్వాతి తరానికి ఇస్తుంది. పైగా పొదిగిన మొదటి రోజుల్లో పక్క పిల్లలకు అంటిస్తుంది. నాలుగైదు నెలల వయసు దాటాక వాటిలో కొన్నిటికి కంతులు లేస్తాయి. వైరస్ తన చోటు వెతుక్కునే క్రమంలో మిక్ అనే జన్యువు పక్కన కూర్చుంటే కణం అదుపు తప్పుతుందని 1981లో తేలింది.

వాడు ఆ నాలుగింటినీ తనే కోశాడు, మరెవరినీ ముట్టనివ్వలేదు. మిగిలినవాటి గుడ్లు ఇప్పుడు ఏ పెట్టవి ఆ పెట్టవిగా విడిగా పొదిగిస్తున్నాడు. పిల్లల్ని చిన్న గుంపులుగా ఉంచుతున్నాడు, టీకా సూదిని గుంపు గుంపుకూ మారుస్తున్నాడు, మొదటి రోజు రెట్టను దూదిపుల్లతో తీసి పరీక్షకు పంపుతున్నాడు. ఒక తరం నెగటివ్ వచ్చింది. ఒక్క తరం చాలదు, రెండో తరం కూడా చూడాలని చెప్పాను. ఆ గుడ్లు ఇంక్యుబేటర్‌లో పద్నాలుగో రోజున ఉన్నాయని పొద్దున టిఫిన్ల దగ్గర చెప్పాడు. ఇంకో వారానికి పిల్లలు బయటికొస్తాయి. అప్పటిదాకా వాణ్ణి ఎవరూ నాటుకోడి కూర అడక్కండి.